చూడచక్కని చేయి

చేయి లేని మనిషికి ఏ చేయి కావాలో ఆ మనిషికి తెలిసే అవకాశం లేదు. ఈ సత్యాన్ని గుర్తించిన పెద్దలే కృత్రిమ హస్తాల పోలిక సంఘాన్ని స్థాపించారు. అందులో సభ్యత్వానికి రెండు చేతులూ ఉండి తీరాలి. (నిష్పాక్షికత కోసం.)

మా ఆడపడుచు సెలూన్‌లో ఆడా మగా అందరికీ జుట్టు కత్తిరిస్తుంది. సరుకులెత్తే లిఫ్టులో ఇరుక్కుని ఎడమ చేయి మోచేతి కింద నుంచి పోయింది. కుడిచేత్తో కత్తెర ఆడుతుంది గానీ, దువ్వెనతో జుట్టు ఎత్తి పట్టడానికి ఇంకో చేయి కావాలి కదా. సెలూన్ యజమానురాలు మంచి మనిషే. "చేయి తెచ్చుకో, నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను. మరీ ఆలస్యం మాత్రం చెయ్యకు," అంది. అందుకని ఆడపడుచుకి తోడుగా నేనూ సంఘం కార్యాలయానికి వెళ్ళాను.

బల్ల మీద మూడు చేతులు పడుకోబెట్టి ఉన్నాయి. ఒకటి బొమ్మ చేయి. గోళ్ళు, నరాలు, మణికట్టు మీద పుట్టుమచ్చతో సహా అన్నీ ఉన్నాయి, వేళ్ళు మాత్రం కదలవు. పక్కన కొక్కెం చేయి. దాని పట్టీ భుజాలకు తగిలించుకుని భుజం ముందుకు తోస్తే తీగ లాగి కొక్కెం తెరుచుకుంటుంది, వదిలితే పట్టుకుంటుంది. చివరిది బ్యాటరీ చేయి. మిగిలిన కండ బిగిస్తే దాని వేళ్ళు ముడుచుకుంటాయి. బరువెక్కువ, నీళ్ళు తగలకూడదు.

"రోజంతా తలలు కడిగేదాన్ని, దీనికి గొడుగు ఎవరు పడతారు వదినా?" అని మా ఆడపడుచు కొక్కెం తగిలించుకుంది. కాసేపు తంటాలు పడి దానికి దువ్వెన పట్టించింది. ఎదురుగా సంఘం అధ్యక్షుడి తల. ఇక చెయ్యి ఊరుకోలేదు.

"కదలకండి సార్."

సంచిలోంచి కత్తెర తీసి, చెవి పక్క వెంట్రుకలు కొక్కెం పట్టిన దువ్వెనతో ఎత్తి, కుడిచేత్తో కత్తెర ఆడించింది. ఆయన ఫోన్‌లో మొహం చూసుకుని, అటూ ఇటూ తిప్పుకుని, "మీ సెలూన్ ఎక్కడమ్మా?" అన్నాడు.

తర్వాత పోలిక మొదలైంది. పూలగుత్తి అందించడం, చప్పట్లు కొట్టడం, ఫొటోలో పడటం అనే మూడు అంశాల్లో మార్కులు. (పని అనే అంశం లేదు. సంఘంలో ఎవరికీ గుర్తు రాలేదు.) బ్యాటరీ చేయి పూలగుత్తిని నలిపేసింది. కొక్కెం చప్పట్ల దగ్గర తప్పింది. బొమ్మ చేయి మాత్రం సభామర్యాదకు తగ్గట్టు చప్పుడు చేసింది.

"మరి నా పని సంగతేంటి సార్?"

"పని చేసేది నువ్వేనమ్మా, కాదనం. కానీ చూసేది మేం. ఆ కొక్కెం చూసి మా సభ్యుడికి కడుపులో ఏదోలా అయింది."

ఆ సభ్యుడు నిజంగానే మంచినీళ్ళు తాగుతున్నాడు.

"ఆయన్ని పెట్టుకోవద్దనండి. నేను పెట్టుకుంటా."

"నోరు మాత్రం చక్కగా పనిచేస్తోంది," అని మెచ్చుకుని అధ్యక్షుడు బొమ్మ చేయి మంజూరు చేశాడు.

చేయి మార్చమని మళ్ళీ వెళ్ళాం. దానికీ పద్ధతి ఉందట: చేయి వాడి చూసినట్టు రుజువుగా అరుగుదల చూపించాలి. మా ఆడపడుచు దాన్ని బల్ల మీద పెట్టింది. ఏ పనీ చెయ్యని చేయి ఎక్కడ అరుగుతుంది? అధికారి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తదానిలా ఉంది. ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నావమ్మా!" అని, లబ్ధిదారు పూర్తి సంతృప్తితో ఉన్నట్టు నమోదు చేసుకున్నాడు.

యజమానురాలు చూసీ చూసీ కుర్చీ ఇంకో అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయి చేతుల్ని ఇంతవరకూ ఏ సంఘమూ పరిశీలించలేదు. అందుకే కాబోలు, రెండూ పనిచేస్తున్నాయి.