డైరెక్టరుగారి కంటే తక్కువ ఊపిరి

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా తేలికైనది. ముందుగా ఆమె ఆఫీసులో అందరి ముందూ ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదాలి, ముల్లు సగం దాకా వెళ్లి ఆగిపోవాలి, చూసినవాళ్లంతా అయ్యో అనుకుని తామూ వచ్చి ఊదాలి. ఊదిన ఒక్కో ఉద్యోగి తరఫున కంపెనీ ఇంత అని వీధి చివరి క్లినిక్కుకు విరాళమిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు శ్వాస తీయడం నేర్పే గది ఒకటి అక్కడ ఉంది. డబ్బు అందకపోతే నెలాఖరుకు అది మూతబడుతుంది.

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఈమధ్యే పెళ్లయింది. మొదట్లో భర్త జోకు చెబితే సగం నవ్వేసరికి దగ్గు ముంచుకొచ్చేది. ఆయన బెదిరిపోయి మిగతా జోకు మింగేసేవాడు. ఆ గదిలో కొన్నాళ్లు నేర్చుకున్నాక, మొన్న మొదటిసారి ఒక జోకుకు చివరి దాకా నవ్వింది. జోకు ఏమంత గొప్పది కాదు. అయినా సాయంత్రమంతా ఇద్దరూ దాన్నే మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు.

"మరీ గట్టిగా ఊదకు," అన్నాడు భర్త, ఆమె సంచీలో ఇన్‌హేలరు ఉందో లేదో తడిమి చూస్తూ. "నువ్వు బాగానే ఉన్నావనుకుంటే ఎవరూ పైసా రాల్చరు."

"మీరుండండి. నాకు నీరసంగా ఊదడం రాదనుకున్నారా?"

"రాదు. మొన్న మీగడ పక్కకి తొయ్యమంటే పాలన్నీ నా చొక్కా మీదికి ఊదావు."

ఆమె పనిచేసేది కుర్చీల కంపెనీలో. కింద వర్క్‌షాపు, పైన ఆఫీసు. క్లినిక్కు నుంచి వచ్చిన శ్వాస టీచరమ్మ బల్ల మీద గొట్టాన్నీ, మనిషి మారినప్పుడల్లా మార్చే కాగితపు మూతుల్నీ పేర్చింది. గొట్టం మీద అంకెలు, వాటి వెంట పరుగెత్తే ఎర్ర ముల్లు. ఎవరికెంత వచ్చిందో గోడ మీది తెల్లబోర్డు మీద రాస్తారు.

నీరసంగానే ఊదాలనుకుంది ఆమె, పాపం. గొట్టం పెదవులకు తగిలేసరికి ఒళ్లు మాట వినలేదు. నేర్చుకున్నట్టే నడుము నిటారయింది, పెదవులు బిగిశాయి, గుండెల నిండా తీసిన గాలి ఒక్క ఉదుటున బయటికొచ్చింది. మూడువందల ఎనభై.

"శభాష్," అంది టీచరమ్మ, సందర్భం మరిచిపోయి.

తర్వాత డైరెక్టరు లేచాడు. వేడి కాఫీ చల్లార్చుకుంటున్నట్టు బుగ్గలు పూరించి, పెదవుల సందుల్లోంచి సగం గాలి వదిలేస్తూ ఊదాడు. రెండువందల అరవై.

డైరెక్టరు తన అంకెను, దాని నెత్తిన కూర్చున్న ఆమె అంకెను మార్చి మార్చి చూశాడు.

"ఈ గొట్టం సరిగ్గా పనిచేస్తోందా?"

"కొత్తదే సార్."

తర్వాతి వంతు మేనేజరుది. దేనికైనా సర్దుకుపోయే మనిషి కాబట్టి ఆఫీసులో ఆయన్ని సర్దుబాటు అంటారు. ఆయన బోర్డు వైపు చూసి, ఆలోచించి, ఆచితూచి ఊదాడు. రెండువందల యాభై. రోజూ పార్కు చుట్టూ పరుగెత్తే సేల్స్ ఆఫీసరు మేనేజరును చూసి రెండువందల నలభై దగ్గర ఆగాడు. అలా హోదా తగ్గేకొద్దీ ఊపిరి తగ్గుతూ వచ్చింది. ఆఖరున గేటు కాపలా మనిషి ముల్లు ఉలిక్కిపడకుండా ఊది, వినయంగా పక్కకు తప్పుకున్నాడు.

బోర్డు చూసి, ఆఫీసులో అందరి ఊపిరితిత్తులూ దెబ్బతిన్నాయనుకుని టీచరమ్మ బెదిరిపోయింది.

"కింద ఏం చేస్తారు?"

"కుర్చీలకు వార్నిష్ వేస్తారండి," అన్నాడు సర్దుబాటు.

"ఆ వాసన పైకొస్తుందా?"

"రోజూ."

"కిటికీలన్నీ తెరవండి. డాక్టరుగారిని పిలుస్తున్నా. ఆయన చూసేదాకా వర్క్‌షాపుకి తాళం వెయ్యాల్సిందే."

వర్క్‌షాపు ఆగితే కంపెనీ విరాళం ఇవ్వదు. విరాళం రాకపోతే గది ఉండదు. ఆమె గబగబా సర్దుబాటు పక్కన చేరింది.

"సార్, మీరంతా కావాలనే తగ్గించారు కదా. మళ్లీ ఊదండి సార్."

"ఎలా ఊదుతామమ్మా? ముందు డైరెక్టరుగారు పెరగాలి. ఆయన పెరిగితే వెనకాలే మేమూ పెరుగుతాం."

"ఆయనకి ఊదడం రాలేదు సార్."

"ఆ మాట నువ్వే చెప్పు. కొత్త పెళ్లికూతురివి, ఏమీ అనరు."

ఆమె ధైర్యం తెచ్చుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. "సార్, పెదవులు కాస్త బిగించి, బుగ్గలు పూరించకుండా..."

"ఏమ్మా, ఈ వయసులో నాకు ఊపిరి తీయడం నువ్వు నేర్పుతావా?"

అవతల టీచరమ్మ ఫోనులో "అవునండీ, ఆఫీసంతా" అంటోంది. ఆ మాటతో ఆమె ఛాతీ బిగుసుకుపోయింది. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె కుర్చీలో కూలబడి, ఇన్‌హేలరు తీసి పీల్చింది.

డైరెక్టరు అది చూశాడు. చూసి బోర్డు వైపు తిరిగాడు.

"అందరిలోకీ గట్టిది ఈ అమ్మాయే. ఈ అమ్మాయే పడిపోతే మన గతేంటి?" అన్నాడు. "అందరూ కిందికి పదండి."

మెట్ల మీద తొక్కిసలాట జరిగింది. వీధిలోకొచ్చాక డైరెక్టరు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. వెనకాల ఆఫీసంతా ఛాతీల మీద చేతులు వేసుకుంది.

"టీచరమ్మా, మీ గదిలో నాకు చోటుందా?"

"గదే ఉండదు సార్. నెలాఖరుకి మూసేస్తున్నాం."

"మూసెయ్యడానికి వీల్లేదు. ఏడాది ఖర్చు నేను పెట్టుకుంటా. ముందు నా పేరు రాయండి."

"తర్వాత నాది," అన్నాడు సర్దుబాటు. ఆ వెనక మిగతావాళ్లు హోదా తప్పకుండా వరస కట్టారు.

అంతలో డాక్టరుగారి కారు మలుపులో ఇరుక్కుంది. కాపలా మనిషి జేబులోంచి ఈల తీసి ఊదాడు. వీధికి ఆ కొస నుంచి ఈ కొస దాకా బళ్లన్నీ ఆగిపోయాయి, మేడల మీది పావురాలు లేచిపోయాయి. టీచరమ్మ చెవులు మూసుకుని, అతని వైపు చూసి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ముల్లు కదలనిది ఇతనికేనా?"

ఆమె తలొంచుకుని జరిగిందంతా చెప్పేసింది. విరాళం పోయినట్టే అనుకుంది.

టీచరమ్మ వరసలో నిలబడ్డవాళ్లను ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "తాళం అక్కర్లేదులే. గాలి ఎలా ఉందో డాక్టరుగారు చూసి వెళ్తారు," అంది చివరికి. "మీ డైరెక్టరుగారికి మాత్రం నిజంగానే నేర్పాలి. ఆయన బాగుపడితేగానీ వీళ్లెవరూ బాగుపడేలా లేరు."

గది నిలిచింది. మరుసటి సోమవారం ఆమె ఉత్సాహంగా క్లినిక్కుకు వెళ్తే కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ముందు వరసలో డైరెక్టరు బుగ్గలు పూరిస్తున్నాడు. వెనక వరసల్లో ఆఫీసంతా ఆయన కంటే కాస్త నెమ్మదిగా పూరిస్తోంది.

"వీళ్లది అయ్యాక నువ్వు రా అమ్మా," అంది టీచరమ్మ. "మీ ఆఫీసులో అందరికంటే నీదే బాగుంది కదా."

ఆమె ఆఫీసుకు తిరిగొచ్చి, మోగుతున్న ఫోన్లన్నీ ఒక్కతే ఎత్తుకుంది. కంపెనీ లెక్క ప్రకారం ఇప్పుడక్కడ ఏ జబ్బూ లేని మనిషి ఆమె ఒక్కతే.