వరుసలో మొదటి మనిషి

ఆకలి ఎవరికి వారి సొంత విషయమని నాగరికత లేని రోజుల్లో అనుకునేవారు. ఇప్పుడది ప్రజాభిప్రాయానికి సంబంధించిన విషయం. సియోల్‌లో ఎవరికైనా ఆకలేస్తే ముందు ఫోన్ తీస్తారు. తర్వాత అందులో కొట్లకి జనం ఇచ్చిన నక్షత్రాలు చూస్తారు. ఆ తర్వాత వీధిలోకి వచ్చి, ఏ కొట్టు ముందు ఎక్కువమంది నిలబడి ఉన్నారో వెతికి వాళ్ళ వెనక నిలబడతారు. ఇదంతా అయ్యేసరికి ఇంకా ఆకలి మిగిలి ఉంటే తింటారు. (చాలామందికి మిగలదు. నగరంలో దాన్నే తృప్తి అంటారు.)

మా ఊళ్ళో ఈ ఏర్పాట్లేవీ లేవు. గొహంగ్ తీరంలో మా పల్లెకి తిండి పెట్టే కొట్టు ఒక్కటే ఉంది. అది బాగుంటుందా అని ఎవరూ అడగరు, తెరిచి ఉందా అని అడుగుతారు. అందుచేత నేను చదువు కోసం సియోల్ వచ్చి ఓక్రిమ్ పిన్ని దగ్గర చేరినప్పుడు, మంచి తిండిని కనిపెట్టడానికి ఇంత పెద్ద యంత్రాంగం పనిచేస్తోందని నాకు తెలియదు.

పిన్నిది ఒక సందులో చిన్న కొట్టు. గోధుమపిండి పిసికి, పల్చగా పరిచి, మడిచి, కత్తితో సన్నగా కోసి, ఆల్చిప్పల చారులో ఉడికించి పెడుతుంది. దాన్ని కల్గుక్సు అంటారు. ఆల్చిప్పలు మా అమ్మమ్మ ఊళ్ళో సముద్రపు బురదలో తవ్వి బస్సుకి వేసి పంపిస్తుంది. పక్కన ముల్లంగితో పెట్టిన కిమ్చి ఊరగాయ. అంతకుమించి ఆ కొట్టులో ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే ఆ సందులో మిగతా కొట్లన్నిటికీ అర్హతలున్నాయి. పందికాళ్ళు ఉడికించే కొట్టు మీద ‘అసలు కొట్టు’ అని రాసి ఉంటుంది. దాని పక్కదాని మీద ‘అసలైన అసలు కొట్టు’ అని ఉంటుంది. మూడోదాని మీద ‘ఆ ఇద్దరికంటే ముందు’ అని ఉంటుంది. లోపల గోడల నిండా నటుల సంతకాలు. అందరూ టీవీలో వచ్చినవాళ్ళే. ఎప్పుడూ టీవీలో రాలేదన్న ప్రత్యేకత వల్ల ఒక కొట్టు టీవీలో వచ్చింది. పిన్ని కొట్టు మీద మాత్రం ‘కల్గుక్సు’ అని రాసి ఉంది. కాబట్టి అక్కడ ఏం దొరుకుతుందో జనానికి అర్థం కాలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం నేను కొట్టుకి వెళ్ళేసరికి పిన్ని తలుపు వేసుకుని ఫోన్లో భవనం యజమానితో మాట్లాడుతోంది. స్పీకర్లో ఆయన గొంతు తలుపు అద్దంలోంచి నాక్కూడా వినిపించింది.

“చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. ఛుసొక్ పండగ లోపల కొట్టు పుంజుకోకపోతే కాఫీ వాళ్ళకిచ్చేస్తా. వాళ్ళు మొక్కలు కూడా పెడతామన్నారు.”

కొట్టు పోతే పిన్ని ఊరికి పోవాలి. పిన్నితో పాటు నేనూ, నా స్కూలు సంచీ పోవాలి. పెద్దవాళ్ళు బాధలో ఉన్నప్పుడు లోపలికి వెళ్ళకూడదని నేను తలుపు పక్కన, గోడకి ఆనుకుని నిలబడ్డాను. నేను చేసింది అంతే. తర్వాత జరిగినదంతా నగరం చేసింది.

ఆవాల రంగు కోటు వేసుకున్న ఒకాయన వచ్చి నన్నూ, మూసిన తలుపునీ చూశాడు.

“ఇదేనా అమ్మా లైను?”

నాకు కొత్తవాళ్ళతో మాట్లాడడం రాదు. తల ఊపడం వచ్చు. ఊపాను.

“ఎంతసేపైంది నిలబడి?”

దీనికి తల ఊపితే సరిపోదు కాబట్టి నేల చూశాను. ఆయన నా పక్కనే నిలబడి వెంటనే ఫోన్ తీశాడు. “ఒరేయ్, త్వరగా రారా. గట్టి చోటు దొరికింది. ముందున్న పిల్లకి చెప్పే ఓపిక కూడా లేదు పాపం, అంతసేపట్నించీ నిలబడినట్టుంది.”

ఆయన వెనక ఇద్దరు బ్యాంకు అమ్మాయిలు చేరారు.

“దేనికే ఈ లైను?”

“ఏమో. కదలట్లేదు చూడు. బాగుండే ఉంటుంది.”

వాళ్ళ వెనక ఒక కుటుంబం, ఆ కుటుంబం వెనక వాళ్ళని చూసి మరో కుటుంబం నిలబడ్డాయి. ఇంతలో పిన్ని కళ్ళు తుడుచుకుని తలుపు తీసింది.

“ఏమే దాన్బీ, బయట నిలబడ్డావెందుకే? లోపల బల్లలన్నీ ఖాళీ...”

అప్పుడు పిన్ని జనాన్ని చూసింది. ఆవిడ వ్యాపారం తెలిసిన మనిషి. “...అవుతున్నాయి, కాస్త ఆగండి!” అని తలుపు మూసి, లోపల ఒక్కతే కాసేపు గిన్నెలు గట్టిగా చప్పుడు చేసి, మళ్ళీ తీసింది.

అందరూ లోపలికి వెళ్ళారు, ఆవాల కోటాయన తప్ప. వచ్చినవాళ్ళంతా చేరితేనే బల్ల ఇస్తారన్నది నగరంలో ఏ కొట్టుకైనా మొదటి చట్టం. ఆయన స్నేహితుడు రాలేదు. లోపలివాళ్ళు తిన్నారు, గిన్నె ఎత్తి చారు చివరిదాకా తాగారు, “పిన్నిగారూ, ఇంకాస్త కిమ్చి!” అని అరిచారు. (తిండి పెట్టే ఆడమనిషిని ఈ నగరమంతా పిన్ని అనే పిలుస్తుంది. ఆవిడ నిజంగా నాకే పిన్ని అని ఎవరికీ చెప్పుకోలేను.) కానీ బయట ఒక్కడే మిగిలాడు. ఒక్కడు నిలబడితే దాన్ని వరుస అనరు, స్నేహితుడు ఎగ్గొట్టాడంటారు. కాబట్టి ఆ రోజు ఇంకెవరూ రాలేదు.

సాయంత్రం సందు వర్తకుల సంఘం అధ్యక్షుడు ప్యో గారు వచ్చారు. ‘అసలైన అసలు కొట్టు’ ఆయనదే.

“చెల్లెమ్మా, తప్పు చేశావు.”

“ఏం చేశానన్నా?”

“లోపలికి పంపేశావు.”

“తినడానికే కదా వచ్చారు?”

“తినడానికైతే ఇంట్లోనే తింటారు. బయటికొచ్చేది దొరకనిదాని కోసం. నీదేమో దొరికిపోతోంది!” ఆయన నా వైపు తిరిగి చాలాసేపు పరీక్షగా చూశారు. “ఈ పిల్లని రోజూ తలుపు దగ్గర నిలబెట్టు. మొహం చూడు, వారం నుంచీ ముద్ద ముట్టనట్టుంది. దేవుడిచ్చిన మొహం.”

సియోల్ వచ్చాక నా మొహాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

తర్వాతి శనివారం నుంచి నేను నిలబడ్డాను. ఆవాల కోటాయన కూడా వచ్చి రెండోవాడిగా నిలబడ్డాడు. స్నేహితుడు బయల్దేరాడట, దారిలో ఉన్నాడట. వరుస సందు మలుపు దాటింది. తర్వాత బస్సు ఆగే చోటు దాకా పోయింది. అక్కడ బస్సు కోసం నిలబడినవాళ్ళు మా వరుసలో కలిసిపోయారు. తమ బస్సు వచ్చి వెళ్ళిపోయినా కదల్లేదు. ఇంతసేపు నిలబడి ఇప్పుడు వదిలేస్తే నష్టమన్నారు.

పిన్ని కొట్టులోని ఐదు బల్లల్లో మూడు తీసేయించారు ప్యో గారు. నక్షత్రాలు రావడం మొదలయ్యాయి. లోపల తిన్నవాళ్ళు నాలుగిచ్చారు. ‘చారు అమోఘం, కానీ ఒక ఆల్చిప్పలో ఇసుక తగిలింది’ అని రాశారు. బయట నిలబడి వెళ్ళిపోయినవాళ్ళు ఐదిచ్చారు. వాళ్ళకి ఏ ఇసుకా తగల్లేదు.

భవనం యజమాని కూడా ఒకరోజు వచ్చారు. భవనం తనదని చెప్పినా ఎవరూ నమ్మక ఆయన్ని వరుస చివరికి పంపారు. బస్సు ఆగే చోట చాలాసేపు నిలబడి, చీకటి పడేముందు ఇంటికి వెళ్తూ పిన్నికి ఫోన్ చేశారు. “ఇంత మంచి కొట్టు నా భవనంలో ఉందని నాకే తెలీదమ్మా. కాఫీ వాళ్ళకి వద్దని చెప్పేశా.” ఆయన గొంతులో గర్వం ఉంది. లోపలికి అడుగు పెట్టలేకపోయినందుకు వచ్చిన గర్వం అది.

అలా కొట్టు నిలబడింది. నిలబడిన ప్రతిదాన్నీ ప్రభుత్వం గమనిస్తుంది కాబట్టి వరుసల నాణ్యతా విభాగం నుంచి మేంగ్ గారనే అధికారి వచ్చారు. ఆయన వరుసని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసి, దాని నిట్టూర్పులు విని, సంతృప్తి చెందారు.

“కొట్టు యజమానిగారూ, మీ వరుస ఉత్తమ శ్రేణికి వచ్చింది. ఇక దాన్ని కాపాడుకోవాలి. మొదటి మనిషి లోపలికి వెళ్ళకూడదు. వెళ్తే రెండోవారు మొదటివారవుతారు, అంటే వరుస కదిలినట్టు లెక్క. కదిలే వరుసలు ఆసుపత్రిలో ఉంటాయి, మంచి కొట్టు ముందు ఉండవు.”

“మరి దానికి బాత్రూంకి వెళ్ళాల్సి వస్తే?” అంది పిన్ని నన్ను చూపించి.

“గొడుగు పెట్టి వెళ్ళొచ్చు. ఆ కాసేపూ గొడుగే మొదటి మనిషి.” (నేను తిరిగి వచ్చేసరికి ఆవాల కోటాయన గొడుగుతో మాట్లాడుతూ కనిపించాడు. నాతో ఎప్పుడూ అంత చనువుగా మాట్లాడలేదు.)

ఆ తర్వాత మేంగ్ గారు కొట్టు లెక్కలన్నీ చూసి, సమస్యంతా తిన్నవాళ్ళ దగ్గరే వస్తోందని తేల్చారు. ఇసుక గురించి చెప్పేది వాళ్ళే. ఉప్పు తక్కువైందనేది వాళ్ళే. ముఖ్యంగా, తిన్నాక వరుసలోంచి తగ్గిపోయేది వాళ్ళే. కాబట్టి మిగిలిన రెండు బల్లలూ తీసేసి, పొయ్యి ఆర్పి, తలుపు మీది ‘కల్గుక్సు’ అన్న బోర్డు కనబడకుండా ‘ఉత్తమ వరుస’ అన్న బోర్డు పెట్టించారు. పిన్ని ఇప్పుడు వరుస పొడుగునా తిరుగుతూ చల్లటి బార్లీ నీళ్ళు అమ్ముతుంది. నిలబడలేనివాళ్ళకి మడత కుర్చీలు అద్దెకిస్తుంది. ఇల్లు గడిచింది. నక్షత్రాలు ఐదయ్యాయి. కొట్టులో ఆగినదల్లా వంట ఒక్కటే.

 కానీ ఒకరోజు ఇంట్లో నా కొత్త సబ్బు బిళ్ళ కోసం వెతికితే, పిన్ని దాన్ని కల్గుక్సులా సన్నగా, అంతా ఒకే మందంలో కోసి, పళ్ళెంలో ఆరబెట్టింది.

పండక్కి ముందు శనివారం అమ్మమ్మ దిగింది. నెత్తి మీద ఆల్చిప్పల మూట, చేతిలో ఇంకో మూట. ఆల్చిప్పలు పంపొద్దని కూతురు చెప్పేసరికి కొట్టు మూతబడిందనుకుని, మా ఇద్దర్నీ ఊరికి తీసుకుపోదామని వచ్చింది. జనాన్ని చూసి మూట దించింది.

“ఏందే దాన్బీ ఇది? ఎవరన్నా పోయారా?”

“అవ్వా, లైను అటు చివర!” అని వెనకనుంచి ఒక కుర్రాడు అరిచాడు.

“నాకెందుకురా లైను? నా కూతురి కొట్టు ఇది.”

“అందరూ అదే చెప్తారవ్వా. భవనం నాదన్నాయన్ని కూడా చూశాం.”

అమ్మమ్మ నన్ను చూసింది, ఆరిన పొయ్యిని అద్దంలోంచి చూసింది, బార్లీ నీళ్ళ బిందెతో నిలబడిన పిన్నిని చూసింది. పిన్ని తల దించుకుంది.

“ఇంతమంది కొట్టు ముందు పడిగాపులు పడుతుంటే పొయ్యి ఆర్పుకు కూర్చున్నావా ఓక్రిమూ? నేను పెంచిన పిల్లవేనా నువ్వు?”

“అమ్మా, కొట్టు నిలబడాలంటే...”

“కొట్టు నిలబడింది సరే, వీళ్ళెందుకు నిలబడ్డారే? పద లోపలికి!”

ముందువైపు తలుపు వరుసకి చెందిందని అక్కడే ఉన్న మేంగ్ గారు అడ్డుపడ్డారు కాబట్టి ఇద్దరూ వెనక సందులోంచి వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి కత్తి చప్పుడు వినబడింది. చెక్క మీద సన్నగా, ఆగకుండా పడుతున్న ఆ చప్పుడు నేను విని చాలా రోజులైంది. తర్వాత చారు వాసన వచ్చింది. అది మా ఊరి సముద్రం వాసన. వరుస మొత్తం ఒకేసారి ఊపిరి పీల్చుకుంది.

అమ్మమ్మ గరిటె పట్టుకుని వెనక సందు మొగలో నిలబడి కేకేసింది. “రండి నాయనా, రండమ్మా! వెనకాల పీటలు వేశాం. వేడిగా ఉంది, అందరికీ సరిపోద్ది!”

ఎవరూ కదల్లేదు.

“వెనకాల లైనుందా అవ్వా?” అనడిగింది బ్యాంకు అమ్మాయి.

“లేదు తల్లీ, ఖాళీయే. వచ్చి కూర్చోవడమే.”

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. “ఖాళీ అంటేనే అర్థం కావట్లా?” అంది ఆ అమ్మాయి స్నేహితురాలితో మెల్లగా. కుర్రాడు ఫోన్లో చూసి, వెనక తలుపుకి ఒక్క నక్షత్రం కూడా లేదని అందరికీ చెప్పాడు. “పాపం పెద్దావిడ,” అన్నారెవరో. “ఎవరూ తినక ఇలా పిలుస్తోంది.”

“దాన్బీ!” అంది అమ్మమ్మ. “నువ్వన్నా రావే. చల్లారిపోద్ది.”

నేను గొడుగు వైపు చూశాను. మేంగ్ గారు నా వైపు చూశారు. వరుసంతా నా వైపు చూసింది. అంతమంది ఎదుట నేను ఎప్పుడూ నోరు విప్పలేదు.

“నాకు ఆకలేస్తోంది,” అన్నాను.

 మేంగ్ గారు నిబంధనలన్నీ తిరగేసి, వరుస వదలడానికి అంగీకరించిన కారణాల్లో ఆకలి లేదన్నారు. అప్పటికే నేను గోడ వదిలి రెండడుగులు వేశాను. గొడుగు తీసుకోలేదు.

“ఏమ్మా!” అని ఆవాల కోటాయన నన్ను ఆపాడు. ఇన్ని శనివారాలు నా పక్కనే నిలబడినా ఆయన నన్ను అడిగిన మూడో ప్రశ్న అదే. “ఇంతకీ లోపల ఏం పెడతారు?”

“కల్గుక్సు.”

“అయ్యో, నాకు గోధుమపిండి పడదే,” అని ఆయన ముందుకి జరిగి, నా చోట సర్దుకుని నిలబడ్డాడు.