నాన్నకి కిటికీ సీటు

శనివారం ఉదయం తొమ్మిదింటికి బయలుదేరి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నాన్నకి సరస్సు చూపించాలి. ప్లాను అంతే. వేసింది ఇంటి పెద్దమ్మాయి.

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కి పట్టా చేత్తో పట్టుకుని దిగిన మొదటి మనిషి ఆమే. అందుకని వీధి వీధంతా ఆమెను ‘డిగ్రీ’ అని పిలుస్తుంది. మొదట్లో అది వేళాకోళానికి పెట్టిన పేరే. తర్వాత కరెంటు బిల్లు తప్పొచ్చినా, మందుసీసా మీద చిన్న అక్షరాలు చదవాల్సి వచ్చినా అందరూ ఆమె గుమ్మంలోకే రావడంతో వేళాకోళం కాస్తా హోదాగా స్థిరపడిపోయింది.

నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరపు కొండల రూటులో నలభై రెండో నంబరు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆ దారిలో ఘాటు రోడ్డు ఎక్కాక ఒక సరస్సుంది. దాన్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాన్న దాని పక్కనుంచి రోజుకు రెండుసార్లు వెళ్ళారు. ఎదురింటి టైలరు ఎన్నోసార్లు అడిగాడు, “సరస్సు ఎలా ఉంటుందండీ?” అని. ఆయన ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవారు.

“రోడ్డు బాగుంటుంది.”

అది హాస్యానికి అన్న మాట కాదు. సరిగ్గా సరస్సు కనిపించే చోటే రోడ్డు సన్నబడి లోయ వైపు వంగుతుంది. వెనక యాభైమంది “అబ్బ! అబ్బ!” అంటూ కిటికీల మీద పడుతుంటే, స్టీరింగు పట్టుకున్న మనిషి రోడ్డు తప్ప ఇంకేం చూస్తాడు? పోనీ బస్సులో ప్రయాణికుడిగా తీసుకెళ్దామంటే అదీ కుదరదు. ఇంకొకరు నడిపే బండిలో ఆయన కూర్చోరు. డ్రైవరు వెనకాల నిలబడి గేర్లు లెక్కపెడతారు. రాత్రంతా ప్రయాణమైనా సరే, ఇంకొకరి చేతిలో స్టీరింగు ఉండగా ఆయన రెప్ప వేసిన దాఖలా లేదు.

డిగ్రీకి లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలైంది. నాన్న ఇంతవరకూ ఆమె నడిపే బండెక్కలేదు.

సీజను కావడంతో కార్ల అద్దెలు మండిపోతున్నాయి. తొమ్మిది దుకాణాలు ఎక్కి దిగాక పదో దుకాణంలో ఏజెంటు ఒక దారి చూపించాడు.

“కారు లేదుగానీ వ్యానుందమ్మా. పై ఊళ్ళో మా బ్రాంచికి చేర్చాలి. డ్రైవర్ని పెడితే నాకు ఖర్చు. మీరు తీసుకెళ్తే డీజిలు పోసుకోండి, చాలు. అద్దె వద్దు.”

డిగ్రీ ఒప్పంద పత్రంలోని ఇరవై రెండు షరతులనూ నిలబడే రెండుసార్లు చదివింది.

“ఇన్నేళ్ళలో దీన్ని ఆసాంతం చదివింది మీరొక్కరేనమ్మా,” అన్నాడు ఏజెంటు మనస్ఫూర్తిగా. “నేనూ చదవలేదు.”

మూడు గంటలకల్లా బండి అప్పజెప్పాలి. సంతకం పెట్టినవాళ్ళే నడపాలి. డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ఇందులో ఏది తప్పినా డిపాజిట్టు గోవిందా. డిపాజిట్టంటే ఆమె నెల జీతం. అయినా ఆమె ధీమాగానే సంతకం పెట్టింది. చదివి పెట్టిన సంతకం మరి.

తెల్లటి వ్యాను, పక్కన ఆకుపచ్చ పట్టీ, డ్రైవరు కాక పది సీట్లు. ఇంటి ముందు ఆగగానే నాన్న చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నాలుగు టైర్లనూ తన్ని చూసి, కుడి తలుపు దగ్గరికి వచ్చారు. అక్కడ డిగ్రీ ఉంది.

“జరుగు,” అన్నారు.

“సంతకం నాది నాన్నా. పదిహేడో షరతు.”

“ముప్పై ఒక్క ఏళ్ళు తోలాను. ఒక్క గీత పడలేదు.”

“అందుకే ఇవాళ నువ్వు తోలకూడదు. ఇదుగో, నీకు కిటికీ సీటు. మెలకువగా సరస్సు చూడు, అంతే నీ డ్యూటీ.”

నాన్న మొహం గంటు పెట్టుకుని ఎడమవైపు ఎక్కారు. వెనక సీట్లో అమ్మ కూర్చుని, పక్క సీటు మీద రుమాలు పరిచింది.

“ఖాళీ వ్యానులో సీటెవరి కోసమే అమ్మా?”

“ఏమోనే. చెయ్యి ఊరుకోలేదు.”

మొదటి పన్నెండు కిలోమీటర్లూ నాన్న తన కాళ్ళ దగ్గర లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నారు. “క్లచ్చి... మెల్లిగా... అద్దం చూడు... వాడు తిరుగుతాడు, వాడి మొహం చూస్తే తెలీడం లేదూ?” అంతలో రోడ్డు తూర్పుకు తిరిగింది. ఎండ సూటిగా ఆయన కళ్ళలో కొట్టింది. కారుచౌకగా వచ్చిన బండి కదా, ఎడమవైపు ఎండ అడ్డు పెట్టుకునే రేకు ఊడిపోయి ఉంది. ఆయన సంచీలోంచి ఒక నల్లటి పలక తీసి ముందు అద్దానికి ఆనించి, టోపీ సర్దుకుని కూర్చున్నారు. డిగ్రీ ఓరకంట చూసి, ఏదో అట్ట అనుకుంది.

అది అట్ట కాదు. రిటైరైన రోజున డిపోవాళ్ళు ప్రేమగా ఇచ్చిన ఆయన బస్సు బోర్డు. పై ఊళ్ళో పాత మిత్రులకు చూపిద్దామని తెచ్చుకున్నారు. లోపలి వైపు నలుపే. బయటి వైపు మాత్రం అరమైలు దూరానికి కనిపించేట్టు పసుపు రంగులో ‘42’.

మొదటి స్టాపులో ఒక మామ్మగారు బుట్ట చంకన పెట్టుకుని చెయ్యెత్తింది.

“ఆపు!” అన్నారు నాన్న.

ఆ గొంతు విని పెరిగిన పిల్ల. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. అమ్మ చెయ్యి దానంతటదే తలుపు తీసింది. మామ్మగారు ఎక్కి రుమాలు మీద కూర్చుంది.

“ఇవాళ చిన్నబండి వేశారా? పోన్లే, గంట నుంచి నిలబడ్డాను.”

“మామ్మగారూ, ఇది బస్సు కాదండీ,” అంది డిగ్రీ.

“బస్సంత లేదని నేనూ చూశాలేమ్మా. పాపం, నువ్వేం చేస్తావు. ఇదుగో టికెట్టు డబ్బులు.”

“వద్దు వద్దు! డబ్బులు అసలు తియ్యకండి!” డిగ్రీ గొంతు కీచుమంది. పద్నాలుగో షరతు కళ్ళ ముందు నిలబడింది.

“పోనీవే, పెద్దావిడ. మన దారే కదా,” అంది అమ్మ.

మామ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, ఫోను తీసి, అవతలివాళ్ళకి ఫోనే అక్కర్లేనంత గట్టిగా మాట్లాడింది. “చెల్లీ! నలభై రెండు ఇవాళ ఊరికే ఎక్కించుకుంటోంది! మీ వీధిలో అందరికీ చెప్పు!”

రెండో స్టాపులో ఆరుగురు చేతులెత్తారు. “ఆపు” అన్నారు నాన్న. ఈసారి ఆయన గొంతులో కాస్త హుషారు కూడా ఉంది. మామ్మగారి చెల్లెలు, డ్యూటీకి వెళ్ళే నర్సులిద్దరు, కత్తుల పెట్టెతో ఒక మంగలి, పెట్టకోడితో ఒక రైతు, జవాబు పత్రాల కట్టతో లెక్కల మాస్టారు. కోడికి మనిషి ఒళ్ళో చోటిచ్చారు.

“నాన్నా, వీళ్ళందరూ మనల్ని చూసి చేతులెత్తడమేమిటి?” అంది డిగ్రీ పళ్ళ బిగువున.

“స్టాపులో నిలబడ్డ మనిషి చెయ్యెత్తక కాలెత్తుతాడా? నడుపు.”

లెక్కల మాస్టారికి ఇంకో చిక్కు వచ్చింది. “టికెట్టు లేకపోతే ఆఫీసులో బిల్లెలా పెట్టుకోనమ్మా?”

“డబ్బులే తీసుకోలేదు కదండీ!”

“అయితే తీసుకోలేదని రాసివ్వండి. సంతకంతో.”

అమ్మ పాల చీటీ వెనక రాసిచ్చింది. అది చూసి మంగలికీ ఒకటి కావాలనిపించింది. ఆ తర్వాత నర్సులకి. చివరికి కోడి తప్ప అందరి చేతుల్లోనూ చీటీలున్నాయి.

ఘాటు మొదలైంది. మొదటి మలుపులో డిగ్రీ ముందే హారను కొట్టి, రెండో గేరులోకి దించి, వెడల్పుగా తీసుకుని తిప్పింది. మందలింపు కోసం కాచుకుంది. రాలేదు. రెండో మలుపు, మూడో మలుపు. నాన్న ఉలుకూ పలుకూ లేదు. టోపీ ముక్కు మీదికి లాక్కుని, మొహం కిటికీ వైపు పెట్టేశారు. కోపం వచ్చిందన్నమాట. స్టీరింగు ఇవ్వనందుకే. ఆయన కోసమే ఇంత చేస్తే, ఆయన్నే నొప్పించినట్టయింది.

ఘాటు మధ్యలో టీకొట్టు దగ్గర ఖాకీ చొక్కా చెయ్యి ఒకటి పైకి లేచింది. ఈసారి ఎవరూ ఆపమనకపోయినా ఆపక తప్పలేదు. బస్సుల తనిఖీ ఇన్‌స్పెక్టరు.

“అసలు నలభై రెండు పొద్దున్నే చెడిపోయి డిపోలో పడుంది,” అన్నాడాయన వ్యాను ముందు నిలబడి. “మరి ఈ నలభై రెండు ఎక్కణ్ణుంచి పుట్టింది? కండక్టరేడీ?”

“మాది... ఇది అద్దె బండి సార్.”

“అద్దె బండికి మా బోర్డా?” వేలు పెట్టి చూపించాడు.

డిగ్రీ కిటికీలోంచి మెడ సాచి చూసింది. పసుపు రంగు ‘42’ ఎండలో నిగనిగలాడుతోంది. పొద్దుటి నుంచి లేచిన చేతులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

“ఎంత వసూలు చేశావు?”

“పైసా కూడా తీసుకోలేదు సార్!” అని వ్యానంతా ఒక్క గొంతుతో అరిచి, సాక్ష్యంగా చీటీలు పైకెత్తింది.

ఇన్‌స్పెక్టరు ఒక చీటీ అందుకుని చదివాడు. ‘పై వారి వద్ద మేము ఏమీ పుచ్చుకోలేదు. ఇట్లు, డ్రైవరు గారి భార్య.’ ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏమీ తీసుకోలేదని టికెట్లిచ్చే దొంగబస్సును చూడ్డం అదే మొదటిసారి.

“బండి సీజు చెయ్యాలి. ఇంజను ఆపు.”

డిపాజిట్టు, సరస్సు, నాన్న మచ్చలేని సర్వీసు మూడూ లోయలోకి జారిపోతున్నట్టనిపించింది డిగ్రీకి. తాళం మీద చెయ్యి వేసింది.

“అయ్యయ్యో, ఆపకే! ఇంజను ఆగితే లేచిపోతారు!” అంది అమ్మ గుసగుసగా.

“ఎవరు లేస్తారు?”

ఇన్‌స్పెక్టరు ఎడమవైపుకు వచ్చి, కిటికీలోంచి వంగి చూశాడు. ముక్కు మీద టోపీ. టోపీ కింద, సన్నగా, లయగా గురక. ఆయన చెయ్యి తెలియకుండానే సెల్యూటు దాకా లేచి మధ్యలో ఆగింది.

“గురువుగారు! నిద్రపోతున్నారా?”

“ఘాటు మొదటి మలుపు దగ్గర్నుంచీ,” అంది అమ్మ.

“నమ్మలేను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి. “ఒకసారి డిపోవాళ్ళం ఇరవైమందిమి ఒకే బస్సులో రాత్రంతా ప్రయాణం చేశాం. అందరం పడుకున్నాం. ఈయన తెల్లారేదాకా డ్రైవరు వెనకాల నిలబడే ఉన్నారు. వేరే చేతుల్ని నమ్మను తమ్ముడూ అన్నారు. ఈ ఘాట్లో, పద్నాలుగు మలుపుల్లో, పడుకున్నారా?” డిగ్రీ వైపు కొత్తగా చూశాడు. “నువ్వెవరమ్మా?”

“వాళ్ళమ్మాయినండీ.”

చెప్పి, తాళం మీది చెయ్యి తీసేసింది. నాన్నకి కోపం రాలేదు. నిద్ర వచ్చింది. పట్టా పుచ్చుకున్న రోజున వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లన్నీ ఈ గురక ముందు చిన్నబోయాయి.

ఇన్‌స్పెక్టరు చెయ్యి లోపలికి పెట్టి, బోర్డును చప్పుడు కాకుండా తీసి, పసిబిడ్డను అందించినట్టు అమ్మకి అందించాడు. ఎండ పడకుండా తన చేతిరుమాలు కిటికీకి తగిలించాడు. ఒక అడుగు వెనక్కి వేసి, రెండు వేళ్ళతో వ్యాను పక్కన తట్టీ తట్టనట్టు తట్టాడు.

“రైట్... రైట్,” అన్నాడు గుసగుసగా.

సరస్సు వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. అందరూ కిటికీల మీద పడి, ఒకరి నోరు ఒకరు మూస్తూ, చప్పుడు లేకుండా “అబ్బ” అనుకున్నారు. కోడి కూడా కిక్కురుమనలేదు.

“లేపనా?” అంది అమ్మ. “చూపించాలనే కదే ఇంత దూరం తెచ్చావు?”

డిగ్రీ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. రోడ్డు సన్నబడి లోయ వైపు వంగుతోంది. చెయ్యి వణికితే ఆ గురక ఆగిపోతుంది.

“పడుకోనీవే,” అంది.

అందరినీ వాళ్ళ వాళ్ళ స్టాపుల్లో దింపి, మూడుకు పది నిమిషాలుందనగా బండి అప్పజెప్పింది. బ్రాంచి గుమాస్తా టార్చి వేసి మరీ వెతికి, ఒక్క గీత కూడా దొరక్క, సీటు మీద దొరికిన ఈకను మాత్రం కాగితంలో ‘పాత సామాను’ అని రాసుకున్నాడు. అంతా అయ్యాకే డిగ్రీ ఇంజను ఆపింది. నాన్న ఠక్కున లేచి కూర్చున్నారు.

“సరస్సు వచ్చిందా?”

“వెళ్ళిపోయింది నాన్నా.”

ఆయన గడియారం చూశారు, వ్యానును చూశారు, కూతుర్ని చూశారు. టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆ మొదటి మలుపు,” అన్నారు, “నేనైనా అలాగే తీసేవాణ్ణి.”

తిరుగు ప్రయాణం మర్నాడు, రిపేరైన నలభై రెండులో. ఈసారి డ్రైవరు వెనకాల ఇద్దరు నిలబడ్డారు, నాన్న, ఆయన పక్కన డిగ్రీ. సరస్సు దగ్గర ఆ డ్రైవరు మూడో గేరులోనే తిప్పేశాడని ఇద్దరూ ఒకేసారి నాలుక చప్పరించారు. అమ్మ ఒక్కతే కిటికీలోంచి నీళ్ళు చూసుకుంటూ వచ్చింది.

వీధిలో దిగగానే టైలరు కత్తెర పట్టుకునే ఎదురొచ్చాడు. “ఏమండీ, మొత్తానికి చూశారా? ఎలా ఉంది సరస్సు?”

“నాకేం తెలుసయ్యా, హాయిగా పడుకున్నాను,” అన్నారు నాన్న వీధంతా వినేలా. “దాన్నడుగు. నడిపింది అది.”

టైలరు ఆమె వైపు తిరిగాడు. “చెప్పమ్మా డిగ్రీ. ఎలా ఉంది?”

“రోడ్డు బాగుందండీ,” అంది డిగ్రీ.