తీగ మింగిన 'దు'

ఊళ్ళో అందరూ ఆయన్ని గతుకుల ఇంజనీరు అంటారు. మున్సిపాలిటీలో ట్రాఫిక్ వ్యవహారాలు చూసే ఆయన, బండ్ల జోరు తగ్గించాలని సందు సందుకీ స్పీడ్ బ్రేకర్లు వేయించాడు. పాల క్యాను బండికి కట్టుకుని బయల్దేరినవాడు ఇళ్ళకి చేరేసరికి వెన్న ఇస్తున్నాడని జనం చెప్పుకుంటారు.

అంతటివాడికీ కొత్త కారంటే ప్రాణం. దాని మీద గీత పడితే తన ఒంటి మీద పడ్డట్టే. ఎండ తగలకుండా ఒక తొడుగు, ఆ తొడుగుకి దుమ్ము పట్టకుండా ఇంకో తొడుగు వేసి వాకిట్లో నిలబెట్టుకుని, తాను మాత్రం ఆఫీసుకి నడిచి వెళ్ళేవాడు.

ఆయన భార్యకి మున్సిపల్ ఆఫీసు వెనకవైపే కళ్ళజోళ్ళ దుకాణం. బడిపిల్లల కళ్ళు పరీక్షించే పని ఆమెకి కొత్తగా వచ్చింది. అద్దాల పెట్టె వేసుకుని బడికీ బడికీ తిరగాలంటే కారుండాలి. లేదంటే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

"లైసెన్స్ తెచ్చుకో, కారు నీదే" అని ఇంజనీరు ఎప్పుడో నోరు జారాడు. ఎలాగూ రాదనే ధీమా. ఆమె మొదటిసారికే తెచ్చేసుకుంది.

"సోమవారం నుంచి కారు తీసుకెళ్తానండీ."

"తప్పకుండా! కానీ, స్పీడ్ బ్రేకర్ వస్తే..."

"మెల్లగా వెళ్తాను."

"పక్కన గోడుంటే..."

"గోడ జోలికి వెళ్ళను."

"ఎదురుగా కుక్కొస్తే?"

"దాన్నీ ఎక్కించుకుంటాను. ఇంకా ఉన్నాయా?"

ఇక లేవు. ఇచ్చిన మాట గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. ఆదివారం సాయంత్రం గేటు దగ్గర దిగులుగా నిలబడ్డవాడికి, తాను పెట్టించిన బోర్డే కనిపించింది. సందు చివర రైల్వే స్టేషను. రోజూ రైలెక్కేవాళ్ళు బండ్లు తెచ్చి గేటుకి అడ్డంగా పడేయకుండా దాని మీద 'ఇక్కడ బండి ఆపరాదు' అని రాయించాడు.

అటూ ఇటూ చూసి, గేటు మీది తీగని లాగి బోర్డు అంచుకి చుట్టాడు. ఆకుల్లో 'దు' మునిగిపోయింది. 'ఇక్కడ బండి ఆపరా' అన్నంతవరకే మిగిలింది.

సోమవారం పొద్దున్నే స్నానానికి దూరి, బకెట్ మీద బకెట్ పోసుకుని, పాపం కడుక్కుంటున్నంత సేపు కడుక్కుని బయటికొచ్చాడు. గేటు ముందు స్కూటర్లు, మోపెడ్లు, ఎవరిదో సరుకుల ఆటో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి.

"అయ్యో, దారే లేదే!" అన్నాడు.

"ఏం చేస్తాం. పోనీలెండి, నడిచే వెళ్తాను" అంది ఆమె.

పోట్లాట లేకుండా పెళ్ళాం ఒప్పుకోవడం ఆయన కాపురంలో అదే మొదలు. కాస్త భయం వేసింది. అయినా సంతోషం పట్టలేక కారు తొడుగుని తుడిచి, మురిపెంగా తట్టి ఆఫీసుకి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గొడుగు ఊపుకుంటూ కమిషనర్ గదిలోకి వచ్చిపడ్డారు.

"నా శిష్యులు కలెక్టర్లయ్యారు! నిన్న మొన్నటి రేకు ముక్క నన్ను పట్టుకుని 'ఆపరా' అంటుందా?"

కమిషనర్ ఇంజనీరుని పిలిపించారు. "ఏమయ్యా, పెద్దవాళ్ళని 'రా' అంటారా?"

'దు' ఉందని చెబితే తీగ సంగతి బయటపడుతుంది. ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. "రాసినవాడికి మర్యాద తెలియదు సార్."

"అయితే మర్యాదగా మార్పించు."

మర్నాటికల్లా 'దయచేసి ఇక్కడ బండి ఆపండి' అని కొత్త బోర్డు వెలిసింది. అంత గౌరవంగా పిలిచాక ఆగేదెవరు? ఊరు ఊరంతా ఆ సందుకే వచ్చింది. కిటికీ ఊచలకి హెల్మెట్లు వేలాడాయి. ఒకాయన తలుపు కొట్టి, "నా బండి మీద ఎండ పడుతోంది, మీ గొడుగేమైనా ఉందా?" అన్నాడు. ఇంకొకాయన ఇంజనీరు ముఖాన తాళం చెవి పారేసి, "కాస్త తుడిచి పెట్టు బాబూ" అని రైలుకి పరిగెత్తాడు. ఇంజనీరు గోడ దూకి ఆఫీసుకి వెళ్ళడం నేర్చుకున్నాడు.

కమిషనర్ మాత్రం పొంగిపోయారు. "భలే పని చేశావయ్యా! స్టేషనుకి పోయేవాళ్ళ బాధ తీరింది. నా జీపు రిపేరులో ఉంది, పద, నీ కారులో వెళ్ళి చూద్దాం."

"మా కారు వాకిట్లో ఇరుక్కుపోయింది సార్."

"మరి ఆఫీసు వెనకాల నీ పార్కింగ్ స్థలంలో రోజూ నిగనిగలాడేది ఎవరిదయ్యా?"

ఇంజనీరు పరుగున వెనక్కి వెళ్ళాడు. తన పేరిట గీతలు గీసి ఉన్నా, తాను ఏనాడూ వాడని చోట తన కారే ఉంది. భార్య అందులోకి అద్దాల పెట్టె ఎక్కిస్తోంది.

"ఇదిక్కడికెలా వచ్చింది?"

"నడిపితే వచ్చింది. సోమవారం మీరు నీళ్ళు పోసుకుంటుంటే, జనం రాకముందే తీశాను."

"మరి ఇంట్లో తొడుగు కింద?"

"ఇస్త్రీ బల్ల, రెండు నీళ్ళ డ్రమ్ములు."

"దానికి రోజూ గుడ్ నైట్ చెబుతున్నానే!"

"విన్నాను. నవ్వాపుకోలేక చచ్చాను."

కమిషనర్ దగ్గరికి వస్తుంటే ఆమె గొంతు తగ్గించింది. "తెల్లారి లేస్తే జనం చేత అక్షరాలు చదివించేదాన్ని. నా గేటు ముందు అక్షరం పోతే నాకు తెలియదా?"

ఇంజనీరుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు. ఆయన వేయించిన గతుకులన్నిటి మీదా ఆమె కారుని ఎంత పదిలంగా దాటించిందంటే, కమిషనర్ కునుకు తీశారు.

సాయంత్రం ఆమె ఆయన్ని దుకాణంలో కుర్చీ మీద కూర్చోబెట్టింది.

"ఇస్త్రీ బల్లకీ కారుకీ తేడా తెలియలేదంటే చూపు చూడాల్సిందే. ఎదురుగా అట్ట మీద రాసింది చదవండి."

"కా... రు... అ... డ... గ... రా." ఇంజనీరు ముఖం వెలిగిపోయింది. "అడగరా? నన్నేనా? అడిగితే ఇస్తావా?"

"ఇంకో అక్షరం ఉందండీ" అంటూ ఆమె అట్ట అంచు మీద ఆనించిన చెయ్యి తీసింది.