సీసాలో ఉన్నది థిన్నరే

ఆ శనివారం పొద్దున ప్రభుదాస్ గారు వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. మధ్యాహ్నం మూడింటికి తెనాలి ఐతానగర్‌లో, ఆయన ఇంటి ముందుగదిలో, మద్యనిషేధ ప్రచార సంఘం కార్యవర్గ సమావేశం. బాపట్ల నుంచి అధ్యక్షుడు సుబ్బారావు గారు, రేపల్లె నుంచి కార్యదర్శి ఏసుపాదం, అటూ ఇటూ ఊళ్ల నుంచి మిగతా సభ్యులు వస్తారు. పెద్దాయన సుబ్బారావు గారు వయసు మీదపడి పదవి వదులుకుంటున్నారు. ఆ పదవి ప్రభుదాస్ గారికి రావాలి. అడ్డమల్లా ముందుగది గచ్చే. కిందటి క్రిస్మస్‌కి కిటికీలకు వేయించిన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ దాని నిండా చుక్కలు చుక్కలుగా పడి, గట్టిగా ఎండిపోయి ఉంది.

"జంబుఖానా పరిస్తే పోయేదానికి ఎందుకండీ ఇంత హైరానా?" అంది భార్య కరుణశ్రీ, బడికి బయలుదేరుతూ. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. సంఘంలో సభ్యురాలే గానీ, కార్యవర్గం ఇంట్లో కూర్చున్నప్పుడు టీ ఇవ్వడం మినహా ఆవిడకు వేరే పని ఎవరూ చెప్పలేదు.

"అధ్యక్షుడయ్యేవాడి ఇంట్లో మచ్చ కనపడకూడదు కరుణా!"

"ఇంకా అవలేదుగా. ఆ పెయింట్ మందు వాడితే మాత్రం కిటికీలు తీసిపెట్టండి. ఆ కంపుకి నాకు రెండ్రోజులు తలనొప్పి వదలదు" అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

ప్రభుదాస్ గారు బజారుకెళ్లి ఫరూక్ రంగుల కొట్లో పెయింట్ కరిగించే థిన్నర్ అడిగారు. ఫరూక్ పెద్ద డబ్బాలోంచి విడిగా వంచి, ఖాళీ బ్రాందీ సీసాలో పోసి ఇచ్చాడు. సీసా మీద చీటీ కూడా ఊడలేదు.

"ఏంటయ్యా ఇది? నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసు సార్. కానీ ఖాళీ సీసాలంటే ఊళ్లో దొరికేవి ఇవే. తలుపులు బార్లా తీసుకుని వాడండి సార్, దగ్గర్లో అగ్గి ఉండకూడదు."

రెండో మాట ప్రభుదాస్ గారి చెవికెక్కలేదు. సీసాను ఎవరూ చూడకుండా ఇంటికి చేర్చడమెలా అన్నదే ఆయన దిగులు. పేపరులో చుట్టి, సంచిలో పెట్టి, సంచిని చంకలో ఇరికించుకుని నడిచారు. గేటు దగ్గర తాళంచెవి కోసం తడుముకుంటుంటే పేపరు జారింది. పక్కింటి మహమూదా అప్పుడే బకెట్టు పక్కన పెట్టి బట్టలు ఆరేస్తోంది. చీటీని చూసింది. ఆయన ముఖాన్నీ చూసింది. తడి దుప్పటి వెనక్కి తప్పుకుంది.

వీధిలో మురుగు కాలువ కోసం తవ్వుతున్నారు. దుమ్ము లోపలికి రాకుండా ప్రభుదాస్ గారు తలుపులూ కిటికీలూ బిగించారు. కరెంటు పోయింది. చీకట్లోనే గొంతుక్కూర్చుని, థిన్నర్ వంచి, గుడ్డతో రుద్దారు. ఆకుపచ్చ చుక్క చిటికెలో కరిగిపోయింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త పోశారు. గచ్చు అద్దంలా తేలుతుంటే, ముక్కు గచ్చుకు దగ్గరగా పెట్టి మరీ చూసుకున్నారు.

మొదట కణతలు పట్టేశాయి. తరువాత నొప్పి సంగతి మరిచిపోయేంత హాయిగా తల తేలికైంది. అధ్యక్షుడిగా ఇవ్వబోయే ఉపన్యాసాన్ని ఆయన పైకే అందుకున్నారు. "సోదర సోదరీమణులారా" అనేసరికి ఎందుకో పగలబడి నవ్వొచ్చింది. మళ్లీ అన్నారు, మళ్లీ నవ్వారు. గోడకు అవతల మహమూదా బుగ్గలు నొక్కుకుంది.

వచ్చిన సభ్యుణ్ణి వచ్చినట్టే గుమ్మంలో పట్టుకుని మద్దతు కూడగట్టుకోవాలని, తానూ అధ్యక్షపదవి మీద కన్నేసిన ఏసుపాదం రేపల్లె ప్యాసింజర్లో ముందే దిగాడు. తలుపు కొట్టాడు. ప్రభుదాస్ గారు చొక్కా గుండీ తప్పుగా పెట్టుకుని, ఎర్రటి కళ్లతో తలుపు తీశారు.

"రండి ఏసుపాదం గారూ! మీరిద్దరూ రండి!"

ఏసుపాదం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ముందుకు చూశాడు. గచ్చు మీద బ్రాందీ సీసా, అందులో అడుగున కాస్త మిగిలి ఉంది. తన ప్రార్థనలు ఇంత తొందరగా ఫలిస్తాయని అతను అనుకోలేదు. కొత్తగా కొన్న సెల్‌ఫోన్ తీసి, వీధిలోకి వచ్చి, సిగ్నల్ కోసం ఇసుక గుట్టెక్కి అందరికీ ఫోన్లు చేశాడు. "ఎక్కడున్నా సరే వెంటనే రండి. ఘోరం జరిగిపోయింది. కళ్లారా చూద్దురుగాని!"

మూడు కొట్టకముందే కార్యవర్గమంతా దిగింది. సుబ్బారావు గారు గుమ్మంలోనే గుండె పట్టుకున్నారు.

"ముందు తలుపేయండయ్యా! ఇది బజారున పడితే సంఘం పరువేం కావాలి?"

తలుపు వేసి, విచారణ మొదలుపెట్టారు.

"ఆ సీసాలో ఏంటి ప్రభుదాస్?"

"అది... తిన్... నరండి."

"డిన్నరా? పట్టపగలు డిన్నరేంటి?" అన్నాడొక సభ్యుడు.

"రాత్రి దాకా ఆగలేకపోయాడన్నమాట" అన్నాడు ఏసుపాదం.

సుబ్బారావు గారు న్యాయం తప్పే మనిషి కాదు. సీసా అందుకుని, గుండెల నిండా వాసన పీల్చారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బ్రాందీ ఇలా ఉంటుందా ఏసుపాదం?"

"నాకేం తెలుసండీ? జన్మలో ముట్టుకోలేదు."

ఆ గదిలో బ్రాందీ వాసన తెలిసినవాడు ఒక్కడూ లేడు. తెలియదని ఒప్పుకున్నందుకు అందరికీ గర్వంగానూ ఉంది, తెలుసుకోక తప్పని ఇబ్బందీ ఉంది. అందుకని సీసా చేతులు మారింది. ఒకరి తరువాత ఒకరు దీక్షగా పీల్చారు. అనుమానం తీరనివాళ్లు మళ్లీ పీల్చారు. ఏసుపాదం ఎక్కువగా పీల్చాడు, ఎందుకంటే సాక్ష్యం గట్టిగా ఉండాలని అతని పట్టుదల.

కాసేపటికి విచారణ ధోరణి మారింది. "ప్రభుదాస్ గారిని సంఘం నుంచి తొలగించడమైనది" అని తీర్మానం చెప్పబోయి, ఏసుపాదం "తొలగించడమైనది" దగ్గర ఆగి కిసుక్కున నవ్వాడు. ఒకాయన కీర్తన ఎత్తుకున్నాడు. ఇంకొకాయన కుర్చీని పక్కకు జరిగి దారివ్వమని బతిమాలుతున్నాడు. సుబ్బారావు గారు మాత్రం నవ్వలేదు. గోడకు చేరగిలి, "గది తిరుగుతోందిరా నాయనా" అంటున్నారు.

ఇక మహమూదా ఆగలేకపోయింది. స్కూలుకు ఫోన్ చేసి కరుణశ్రీని పిలిపించింది.

"టీచరమ్మా, నేను చెప్పకూడదు గానీ... మీ ఇంట్లో అందరూ తాగేసి పాటలు పాడుతున్నారమ్మా."

"ఎవరు మహమూదా?"

"మద్యం మానమని చెప్పేవాళ్లేనమ్మా!"

కరుణశ్రీ ఆటో ఎక్కింది. దారి పొడవునా మొగుడికి పెట్టాల్సిన చివాట్లు వరస పెట్టుకుంటూ వచ్చింది. గుమ్మం ముందు అప్పటికే వీధంతా మూగి నవ్వుతోంది. తలుపు తోసేసరికి ఘాటు ముఖాన కొట్టింది. చివాట్లన్నీ ఎగిరిపోయాయి. అది సారా కంపు కాదు. పొద్దున తాను హెచ్చరించిన కంపే.

లోపల చీకట్లో ఏసుపాదం చేతిలో అగ్గిపెట్టె ఉంది. తీర్మానం రాసుకోవడానికి కొవ్వొత్తి వెలిగించాలని అతని ప్రయత్నం. గురి కుదరక, పుల్ల పెట్టెకు తగలకుండా గాలిలోనే గీస్తున్నాడు.

"ఆగండి!"

కరుణశ్రీ ఒక్క అంగలో వెళ్లి అగ్గిపెట్టె లాక్కుని వీధిలోకి విసిరింది. కిటికీ రెక్కలు ఫెళ్లున తెరిచింది. "లేవండి! నడవలేనివాళ్లు పాకండి! అందరూ బయటకి!" అని తరగతి గదిలో అరిచినట్టు అరిచింది. ఆ గొంతుకు ఎంత మత్తులో ఉన్నవాడైనా లేచాడు. ప్రభుదాస్ గారిని చొక్కా పట్టి లాగింది. సుబ్బారావు గారు మాత్రం గుమ్మం దాకా వచ్చి కుప్పకూలారు. గుంపు నవ్వు ఆగిపోయింది. కరుణశ్రీ తాను వచ్చిన ఆటోను గుమ్మం దాకా పిలిచింది. మహమూదా చేత ఆయన తల పట్టించి, తాను కాళ్లు పట్టుకుని ఆటోలో వేయించింది. సీసాను గుడ్డలో చుట్టి వెంట తీసుకుంది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక పెద్దాయన కళ్లు తెరిచారు. డాక్టరమ్మ సీసా మూత కాస్త తెరిచి, వెంటనే బిగించి, వరండాలోకి వచ్చింది. మిగతావాళ్లను నడిపించుకొచ్చిన వీధి వీధంతా అక్కడే ఉంది.

"ఎవరూ తాగలేదు. ఇది థిన్నర్. తాగక్కర్లేదు, ఊపిరితోనే రక్తంలోకి పోయి మెదడు మీద పనిచేస్తుంది. అందుకే ఆ తూలడం, ఆ నవ్వులు. మూసిన గదిలో ఇంకాసేపు ఉంటే ప్రాణం మీదకొచ్చేది. రోజూ పీల్చేవాళ్లకి నరాలు, కాలేయం పాడవుతాయి. టీచరు గారు చెప్పిన ఆ అగ్గిపుల్ల వెలిగుంటే నా దగ్గరికి రావాల్సిన పనే ఉండేది కాదు."

మహమూదా అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. వీధి మొత్తం అందుకుంది. ప్రభుదాస్ గారు బెంచీ మీద నుంచే రెండు చేతులూ పైకెత్తారు. "విన్నారుగా! థిన్నరు! పొద్దుట్నించీ అదే చెప్తున్నాను!" ఏసుపాదం వచ్చి ఆయన చేతులు పట్టుకుని, "మిమ్మల్ని అనుమానించాను, క్షమించండి. నేనూ మీకన్నా ఎక్కువే పీల్చాను" అన్నాడు. ఇద్దరూ కావలించుకున్నారు, కొంత ప్రేమతో, కొంత పడిపోకుండా.

సమావేశం ఆ వరండాలోనే, గాలికి, జరిగింది. సుబ్బారావు గారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. "కొత్త అధ్యక్షులు..." అని ఆయన ఆగగానే ప్రభుదాస్ గారు తప్పుగా పెట్టుకున్న గుండీ సరిచేసుకున్నారు.

"...కరుణశ్రీ గారు."

ప్రభుదాస్ గారి చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. భార్య వైపు చూశారు. ఆవిడ చీర కొంగు నిండా మట్టి, జుట్టుముడి ఊడి భుజం మీద పడి ఉంది. ఈ మనిషి రాకపోతే, అనుకున్నారు. వెంటనే అందరికన్నా ముందు ఆయనే చెయ్యెత్తారు. ఏసుపాదం బలపరిచాడు.

"ఒప్పుకుంటాను గానీ నాదొక షరతు" అంది కరుణశ్రీ. "రేపట్నించి తెనాలి, బాపట్ల, రేపల్లెలో ప్రతి రంగుల కొట్టుకీ వెళ్దాం. బ్రాందీ సీసాలో థిన్నర్ పోయడం ఆపాలి. పిల్లలెవరైనా నీళ్లనుకుని తాగితే? పెయింటర్లకి కిటికీలు తీసి పనిచేయమని చెబుదాం. టీ మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోండి."

చప్పట్లతో ఆస్పత్రి మారుమోగింది. ఎన్నిక ఏకగ్రీవమైంది. ఆ సాయంత్రం కార్యవర్గంలో ఇంకెవరూ నిలబడే స్థితిలో లేరు.