అర్జునుడు దిగేదానికి అనుమతి

అయ్యా, వీధినాటక పాత్రల కేటాయింపు మండలి పెద్దలారా! మిట్టమధ్యాహ్నం ఎండలో, కాళ్ళకు గజ్జెలతో, నెత్తిన కిరీటంతో అర్జునుణ్ణి మాను కొసన నిలబెట్టి దిగే దోవ మూసేసింది మీరే. కౌరవులు కాదు. కౌరవులకు ఇంత ఓపిక లేదు.

పరిపాలన అనేది రెండు రకాలు. మనిషిని పైకి ఎక్కనీయని పరిపాలన ఒకటి. అది మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే, దాని గురించి ఎవరూ బాధపడరు. ఎక్కినోణ్ణి దిగనీయని పరిపాలన రెండోది. దాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం మీ మండలిదే. మీకు దండ వేయాల. కానీ దండ వేసేదానికి ఎవరి అనుమతి తీసుకోవాల్నో తెలియక ఆగినాము.

తెలియనోళ్ళకు (అట్లాంటోళ్ళు మీ మండలిలో తప్ప మా పక్క ఎక్కడా లేరు) కొంచెం చెప్పాల. మామిడికాయ పండేటప్పుడు మా పక్క ఊరూరా భారతం జరగతాది. పగలు హరికథ, రాత్రి నాటకం. అన్నిట్లోకీ పెద్దది అర్జున తపస్సు, అది పగలే. పొడుగాటి మాను నాటి, ఎక్కేదానికి కొయ్యలు కొట్టి, కొసన పలక కడతారు. అర్జునుడి వేషం కట్టినోడు మాను చుట్టూ ఆడి, ఒక్కో కొయ్యకూ ఒక్కో పద్యం పాడతా ఎక్కి, ఆ పలక మీద ఒంటికాలితో నిలబడాల. అప్పుడు శివుడు వచ్చి పాశుపతాస్త్రాన్ని తాడుకు కడతాడు. అర్జునుడు దాన్ని పైకి లాక్కొని, విభూతీ నిమ్మకాయలూ కిందికి చల్లతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడోళ్ళు తడి చీరల్తోనే కొంగు పట్టి అందుకుంటారు. అస్త్రం చేతికి రాకుండా అర్జునుడు దిగకూడదు. దిగినాడంటే మా ఊళ్ళో ఆ మనిషిని మళ్ళా ఆ వేషానికి పిలవరు. ఇది ఆనవాయితీ. దీన్ని ఎవరూ ఉత్తర్వుగా రాయలేదు, అందుకే ఇన్నాళ్ళూ సక్రమంగా జరిగింది.

మా ఊరు పూతలపట్టు క్రాసు నుంచి లోపలికి. క్రాసులో మునెమ్మ టీ అంగడి ఉండాది. మా పక్క ఆట ఎవరిది బాగుండాది, ఎవరిది తేలిపోయింది అనేది ఆడ తేలతాది. చాలా ఏండ్లు అర్జునుడు కట్టిన దేవరాజులుకు మోకాళ్ళు పోయినాయి. కిందటేడు నుంచి ఆ వేషం గోవిందుది. ఏడాదంతా తిరుపతి రోడ్డులో పంచర్లు వేసుకునే మనిషి. అంతే, ఊరు రెండుగా చీలింది.

"గోవిందుది అడుగు. దేవరాజులుది గొంతు" అని మునెమ్మ తీర్పు. "కండ్లు మూసుకుంటే దేవరాజులును వినాల. తెరిస్తే గోవిందును సూడాల."

"రెండూ ఒక్కడికే ఉంటే ఏం పోయిందత్తా?" అంటాడు బాలచంద్ర. ఈ బాలచంద్ర బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. గోవిందు అంటే పిచ్చి. భారతం వచ్చేదీ ఫ్యాక్టరీ ఊపిరాడకుండా నడిచేదీ ఒకటే సీజను కాబట్టి సెలవు దొరకదు. అందుకని ఏటా ఒక మేనమామను చంపి సెలవు తెచ్చుకుంటాడు. (చనిపోయిన మేనమామలందరూ తపస్సుకు ముందు వరసలోనే కూర్చుంటారు.)

కిందటేడు ఒంటికాలి మీద నిలబడ్డం ఎవరిది నిటారు అనే విషయంలో మాట పెరిగి, మునెమ్మ అంగట్లో ఎవరో బెంచీ ఎత్తినారు. జరిపి నీడలో వేసుకునేదానికే ఎత్తినాడంట. కానీ సంగతి పైకి పోయేటప్పటికి అది 'పాత్రల పంపకంలో అన్యాయం వల్ల ఉద్రిక్తత' అయింది. ఉద్రిక్తత ఉంటే మండలి ఉండాల. మండలి ఉంటే యాప్ ఉండాల. అట్ల పుట్టింది 'పాత్రమిత్ర'.

పాత్రమిత్ర నియమాలు నేను ఓపిగ్గా చదివినాను. దుర్యోధనుడికి సత్ప్రవర్తన ధ్రువపత్రం తప్పనిసరి. భీముడికి అక్కరలేదు. ద్రౌపది వేషం కట్టే మగమనిషి తాను మగమనిషినే అని ఒప్పుకుంటా, ద్రౌపది ఆడమనిషి అని కూడా ఒప్పుకోవాల. శకునికి పాచికలు మండలే సరఫరా చేస్తాది. (వాటితో శకుని ఓడిపోయినాడు. ఆ రాత్రి భారతం అయిదు నిమిషాల్లో ముగియబోయింది, పెద్దోళ్ళు సర్ది చెప్పినారు.) ఇక అన్నిటికన్నా గొప్పది: అందరికీ అవకాశం రావాలి గనుక ఒక మనిషికి ఒక దినానికి ఒకే పాత్ర. దేవరాజులుకు ఈ ఏడు వంతు ప్రకారం అడవిపంది వచ్చింది. అర్జునుడూ వేటగాడూ కలిసి కొట్టే పంది. ఆయన సరే అన్నాడు. మోకాళ్ళ మీద పోవాల్సిన పాత్ర కాబట్టి మోకాళ్ళకు రెండు పాత టైరు ముక్కలు కట్టుకొని, ఎట్లాంటి పందిని ఆడినాడంటే, ఊళ్ళో మూడో వర్గం పుట్టింది.

తపస్సు దినం పొద్దున్నే 'ఎక్కుటకు అనుమతి మంజూరు' అని గోవిందు భార్య జయంతి ఫోనుకు మెసేజి వచ్చింది. పందిని కొట్టే ఆటా, వేటగాడితో తగువూ మాను కిందే అయినాక గోవిందు ఎక్కినాడు. ఆ ఎక్కడం గురించి నేను రాయను. రాస్తే మండలి దాని మీద కూడా నియమం చేస్తాది. మద్దెలాయన వాయించడం మరిచిపోయి నోరు తెరిచి పైకి సూసినాడని మాత్రం చెప్తాను.

ఇప్పుడు శివుడు రావాల. మా ఆటలో వేటగాడు కట్టేదీ శివుడు కట్టేదీ ఒక్కరే, చెంగయ్య. ఎందుకంటే కథలో వేటగాడే శివుడు. వేటగాడై వచ్చి అర్జునుణ్ణి పరీక్ష చేస్తాడు, ఆ మీదట అసలు రూపం చూపిస్తాడు. ఇది మా ఊళ్ళో నడక రాని బిడ్డకు కూడా తెలుసు. చెంగయ్య వేటగాడి ఆట ముగించి తెర వెనక్కి పోబోతే, అడ్డంగా ఒకాయన నిలబడినాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. మునిప్రసాద్, సహాయ కేటాయింపు అధికారి.

"యాడికి పోతా ఉండావు?"

"శివుడు కావాల సార్."

"రికార్డులో నువ్వు వేటగాడివి. శివుడికి నువ్వు పెట్టిన అర్జీ తిరస్కరించినాము. ఒక మనిషికి ఒకే పాత్ర."

"వేటగాడే శివుడు సార్."

"ఎవరు చెప్పినారు?"

చెంగయ్య బుర్ర గోక్కున్నాడు. ఎవరు చెప్పలేదని చెప్పేది? "మా నాయన చెప్పినాడు సార్. ఊరంతా చెప్తాది."

"నోటిమాట చెల్లదప్పా. పేర్లు వేరు, వృత్తి వేరు. ఒకరి చిరునామా అడవి, ఒకరిది కైలాసం. ఇద్దరూ ఒకరే అని ధ్రువపత్రం ఉండాదా?"

ఇక్కడ నవ్వేవాళ్ళు నవ్వొద్దు. మా పెద్దమ్మ ఒక కాగితంలో సుబ్బులమ్మ, ఇంకో కాగితంలో సుబ్బమ్మ. ఇద్దరూ ఒకరే అని రుజువయ్యేదాకా ఏడాది పొడుగునా ఆమె ఇద్దరు మనుషులుగా బతికింది. ఇద్దరిలో ఎవరికీ పింఛను రాలేదు. ఇంట్లో ఒకే చాపలో పండుకున్నారు. మా పెద్దమ్మకు కుదిరింది శివుడికి కుదరదా అని మునిప్రసాద్ గారి వాదన. న్యాయమే.

పైన గోవిందు ఒంటికాలి మీద ఉండాడు. ఎండ నెత్తికెక్కింది. కింద మా వాళ్ళు ఆట సూస్తా ఉండారు.

"సూడత్తా, ఎడమ కాలు వణికిస్తా ఉండాడు! ఇది కిందటేడు లేదు" అన్నాడు బాలచంద్ర.

"కార్వేటినగరం పక్క పాతకాలం ఆటగాళ్ళు ఇట్ల వణికించేవాళ్ళంట. మా అమ్మ చెప్పింది. ఇప్పుడు సూస్తా ఉండా" అని మునెమ్మ కండ్లు తుడుచుకునింది.

"కాలు పట్టేసింది లేరా వాడికి" అన్నాడు దేవరాజులు, పంది మూతి పైకెత్తి.

"నీకు కుళ్ళు మామా. నువ్వు జన్మలో వణికించలేదు."

పైనుంచి గోవిందు గొంతు: "రేయ్ బాలచంద్రా! కాలు తిమ్మిరెక్కింది రా! శివుడు యాడరా?"

"ఇన్నావా మామా? శివుణ్ణి అట్ల పిలవాల!" బాలచంద్ర ఈల వేసినాడు. "పద్యం పక్కన పెట్టి మామూలు మాటల్లో పిలిచినాడు. ఎంత ధైర్యం!" మేనమామలు చప్పట్లు కొట్టినారు. ఎవరో ఇంకోసారి అనమని అడిగినారు. గోవిందు ఇంకోసారి అన్నాడు. మొదటిసారి కన్నా బాగుండాదని అందరూ ఒప్పుకున్నారు.

జయంతి మాత్రం మాను మొదట్లోకి వచ్చి నిలబడింది. ఆట సూడనిది ఆమె ఒక్కతే, మొగుణ్ణి సూస్తా ఉండాది.

"దిగయ్యా! ఎవురొస్తే ఏం, రాకపోతే ఏం!"

"దిగితే మళ్ళా పిలవరే!"

"పిలవకపోతే పంచర్లు వేసుకో!"

"పంచర్లు ఏడాదంతా వేస్తానే. ఇది ఒక్క దినమే."

ఆమె మునిప్రసాద్ గారి దిక్కు తిరిగింది. ఆ చూపుకు ఆయన ట్యాబు ఆఫ్ అయిపోయింది. (చార్జింగు లేదని తర్వాత సంజాయిషీ రాసుకున్నాడు.)

అధికారి మంచి మనిషి. రూలు వల్ల మనిషి చావకూడదనే రూలు కూడా ఆయనకు తెలుసు. కాసేపు యోచన చేసి, శివుడి స్థానం ఖాళీగా ఉన్నందున, పూర్తికాలపు శివుణ్ణి నియమించేదాకా, ఆ బాధ్యతలు తానే అదనంగా చూస్తానని ప్రకటించినాడు. ప్యాంటు, చొక్కా, మెడలో కార్డుతో వచ్చి తాడు దగ్గర నిలబడి చెయ్యెత్తినాడు.

"ఎవురు సార్ మీరు?" పైనుంచి గోవిందు.

"ఇన్‌చార్జి శివుణ్ణి. అస్త్రం తీసుకో."

"ఇన్‌చార్జి వరం ఎన్నాళ్ళు పని చేస్తాది సార్?"

"ఉత్తర్వులు వచ్చేదాకా."

"కురుక్షేత్రం ముందొస్తే?"

మునిప్రసాద్ గారు ఎత్తిన చెయ్యి ఇంకొంచెం పైకెత్తినాడు. జనంలో మాత్రం ఆయన ఆట మీద చర్చ మొదలైంది. "నిలబడ్డం బాగుండాది" అనింది మునెమ్మ. "చెయ్యే రాదు. వరమిచ్చే చెయ్యి అట్ల ఉండదు. సంతకం పెట్టినట్ల ఊపతాడు." "పెద్ద వేషాలకు ఇప్పుడే వద్దు. మొదట పందిని కట్టమను" అన్నాడు దేవరాజులు. "నేను నేర్పిస్తా."

అప్పుడు చెంగయ్య ముందుకు వచ్చినాడు. అందరి ఎదటా నెత్తిన ఈకల పాగా తీసేసినాడు. మీద కప్పుకున్న జింకతోలు గుడ్డ తీసేసినాడు. కింద ఒంటినిండా విభూతి, మెడలో పాము. పొద్దున్నే పూసుకొని, పైన వేటగాణ్ణి కప్పుకున్నాడు. వాళ్ళ నాయన కూడా అట్లే చేసేవాడంట.

"ఏయ్, వేషం మార్చేదానికి ఒప్పుకోను!"

"నేను మార్చలేదు సార్. తీసేసినా. కింద ఉండేది ఆయనే."

మద్దెల ఎవరూ చెప్పకుండానే మోగింది. చెంగయ్య తాడుకు అస్త్రం కట్టినాడు. గోవిందు ఆ తిమ్మిరి కాలు మీదే ఒక గిరికీ తిరిగి దాన్ని లాక్కున్నాడు. ఆ గిరికీ గురించి మునెమ్మ అంగట్లో ఇంకా మాట్లాడతా ఉండారు, ఇంకో పదేండ్లు మాట్లాడతారు. విభూతి రాలింది, నిమ్మకాయలు రాలినాయి. మునిప్రసాద్ గారు కూడా చొక్కా కొస పట్టి ఒకటి అందుకున్నాడు. (ఇంట్లోవాళ్ళ కోసమంట. ఇది రికార్డులో లేదు, ఎవరూ ఎక్కించొద్దు.) గోవిందు దిగినాడు. బాలచంద్ర భుజాల మీదికి ఎత్తుకుంటే, "దించరా, కాలు!" అని అరిచినాడు. అది కూడా ఆటే అనుకొని ఇంకా పైకెత్తినారు.

కథ ఈడ అయిపోవాల. మండలి ఉంటే కథ అయిపోదు. నాలుగు దినాల తర్వాత నోటీసు వచ్చింది. అనుమతి లేని శివుడి వద్ద అస్త్రం స్వీకరించినందున, సదరు గోవిందు దిగుట చెల్లదు. రికార్డు ప్రకారం అతడు ఇప్పటికీ మాను పైనే ఉన్నట్లు పరిగణించడమైనది. మాను పైనున్న వ్యక్తి వచ్చే ఏడు ఏ పాత్రకూ అర్జీ పెట్టుకొనుటకు అనర్హుడు.

ఆ నోటీసు అందుకునేటప్పుడు మాను పైనున్న వ్యక్తి లారీ కింద పండుకొని జాకీ తిప్పతా ఉండాడు. చదివించుకొని విని, "ఒక్క దినమే కదప్పా అడిగింది" అన్నాడు. మళ్ళా లారీ కిందికి దూరినాడు. ఆ దినమంతా బయటికి రాలేదు.

కాబట్టి అయ్యా, ఇప్పుడు చేయాల్సింది చెప్తాను, రాసుకోండి. ఈ వారంలోపల గోవిందును రికార్డులో కూడా దించండి. ఎవరికి ఏ వేషమో మునెమ్మ బెంచీ మీద తేలతాది, మీరు చేయి పెట్టొద్దు. కుదరదంటారా, సరే. మాను ఇంకా పెరకలేదు. మండలి అధ్యక్షులు స్వయంగా రండి, ఎక్కండి, కొసన నిలబడి దిగేదానికి మీ పాత్రమిత్రలోనే అర్జీ పెట్టుకోండి. మేము మంచోళ్ళం. అది మంజూరయ్యేదాకా పూటపూటకూ సంగటి ముద్ద తాడుకు కట్టి పంపిస్తాము.