లూదియమ్మకు ఫ్రెష్ లుక్

ఈ లోకంలో నలభై దాటిన ఆడవాళ్లను పట్టించుకునేది ఎవరు? భర్తలా? వాళ్లు భార్య ముఖం సరిగ్గా చూసి పదేళ్లయింది. పిల్లలా? వాళ్లకు ఫోన్లున్నాయి. డాక్టర్లా? వాళ్లు రిపోర్టు చూస్తారు. పొద్దున్నే ఎదురుగా నిలబడి, కళ్ల కింద నలుపు ఎంత పెరిగింది, పాపిట్లో తెలుపు ఎంత పాకింది అని శ్రద్ధగా పరీక్షించే పుణ్యాత్ముడు ఒక్కడే. షోరూం మేనేజర్!

అందుచేత నంద్యాలలో ఒక బట్టల షోరూం ఈ మధ్య పెట్టిన 'ఫ్రెష్ లుక్ పాలసీ'ని ఎవరైనా ఆడిపోసుకుంటే నమ్మకండి. అది వరం. నమ్మకం కుదరకపోతే లూదియమ్మ సంగతి వినండి.

లూదియమ్మకు నలభై తొమ్మిది. ఊరు ఆళ్లగడ్డ. ఇరవై రెండేళ్లుగా రోజూ బస్సెక్కి నంద్యాల వచ్చి, ఆ షోరూంలో పెళ్లి బట్టల కౌంటర్లో చీరలు చూపిస్తుంది. మడత విప్పి పరిస్తే చాలు, అదీ ఒక పనేనా అనుకునేరు! పెళ్లికూతురి మేనత్తకు ఏ రకం పెట్టాలి, పెద్దాడబిడ్డ చీర కంటే చిన్నాడబిడ్డ చీరకు అంచు వెడల్పుగా ఉంటే పెళ్లిలో ఏ పూటకు గొడవ మొదలవుతుంది, ఇవన్నీ ఆమెకు నాలుక మీద ఉంటాయి. లూదియమ్మ దగ్గర కొంటే అలకలు ఉండవని సంజామల నుంచి ఆత్మకూరు దాకా పేరు.

ఇంత పేరున్న మనిషి ఎంత అధ్వానంగా ఉండేదో చూడండి. తల ముగ్గుబుట్ట. ముక్కు మీద అద్దాలు. మోకాళ్లు లాగితే కస్టమర్ల పక్కనే పరుపు మీద చతికిలబడడం. వచ్చినవాళ్లను 'పెద్దమ్మా', 'వదినా' అని నోరారా పిలవడం.

హెడ్డాఫీసు నుంచి కొత్తగా వచ్చిన మేనేజర్ అజయ్ కుమార్ గారికి గుండె తరుక్కుపోయింది. ఆడ స్టాఫ్‌నంతా నిలబెట్టి కాగితం చదివి వినిపించారు. జుట్టు నల్లగా ఉండాలి. పెదాలు గులాబీ రంగులో ఉండాలి. అద్దాలు పెట్టుకోకూడదు, కూర్చోకూడదు. రెండూ వయసును బయటపెడతాయి. కస్టమర్‌ను 'మేడమ్' అనాలి. పది రోజుల్లో ఫ్రెష్‌గా కనపడనివాళ్లు పైనున్న గోడౌన్‌కు వెళ్లి మడతలు పెట్టుకోవాలి.

గోడౌన్‌కు కిటికీ లేదు. అక్కడికి పెళ్లివాళ్లు రారు. ఇరవై రెండేళ్లు నేర్చుకున్నదంతా లూదియమ్మ అట్టపెట్టెలకు చెప్పుకోవాలి.

"మరి సుబ్బరాయుడన్న మీసం సార్?" అని అడిగిందామె. పక్క కౌంటర్లో పంచెలు చూపించే సుబ్బరాయుడికి అరవై ఒకటి. మీసం పాలనురుగులా ఉంటుంది.

"అది వేరే అమ్మా. ఆయన మీసం చూస్తే కస్టమర్‌కు నమ్మకం," అన్నారు మేనేజర్ గారు.

ఎంత లోతైన మాట! మగవాడికి తెల్లబడేది అనుభవం. ఆడదానికి తెల్లబడేది ఉత్త వెంట్రుక.

"నేనూ గొరిగిచ్చుకుంటా లూదియమ్మా, నీకు తోడుగా," అన్నాడు సుబ్బరాయుడు గొంతు తగ్గించి.

"వద్దులే అన్నా. ఇద్దరికీ గోడౌన్ ఏల?"

లూదియమ్మ రంగేసింది. లాభాలు ఆ వారమే మొదలయ్యాయి. ఇదివరకు బస్సులో కుర్రాళ్లు లేచి "కూచో అత్తా" అనేవారు. ఇప్పుడు ఒక్కడూ లేవడు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా గంటసేపు నిలబడి ప్రయాణం, కాళ్లకు ఉచిత వ్యాయామం! ఇంట్లో తీరిక లేక లిప్‌స్టిక్ బస్సులోనే వేసుకునేది కాబట్టి, ఆ రోజు దారిలో ఎన్ని గుంతలు తగిలాయో ఆమె మూతి చూసి చెప్పొచ్చు. రంగు పడక నెత్తి మండిందంటారా? రంగు బాగా పనిచేస్తోందనడానికి అదే గుర్తని మేనేజర్ గారు స్వయంగా సెలవిచ్చారు.

ఆదివారం చర్చిలో దేవమ్మ, ఎప్పుడూ ముక్తసరిగా తల ఊపి వెళ్లే మనిషి, ప్రేమగా దగ్గరికొచ్చింది. "ఏందే లూదియా, చెవుల ఎనకాలంతా నల్లగైంది. కమిలిందా? ప్రార్థన చేపిచ్చేదా?"

చూశారా, పాలసీ మనుషులను ఎలా కలుపుతుందో!

పదో రోజు సంజామల నుంచి సరస్వతమ్మ జీపు నిండా జనంతో దిగింది. చిన్నకొడుకు పెళ్లి. అంతకుముందు ముగ్గురు కూతుళ్ల పెళ్లి బట్టలూ లూదియమ్మ దగ్గర కొన్న మనిషి. మేనేజర్ గారు చేతులు కట్టుకుని కాస్త దూరంలో నిలబడ్డారు. ఫ్రెష్ లుక్‌కు అసలు పరీక్ష ఇదే.

"లూదియమ్మ యాడుందమ్మా?" అని అడిగింది సరస్వతమ్మ.

లూదియమ్మ అద్దాలు లేని కళ్లు చిట్లించి, గులాబీ పెదాలు సాగదీసి, నేర్పించినట్టే నవ్వింది. "గుడ్ మార్నింగ్ మేడమ్. నేనే మేడమ్."

సరస్వతమ్మ ఎగాదిగా చూసింది. ముక్కు లూదియమ్మదే. గొంతూ ఆమెదే. ఆ నల్లజుట్టు, ఆ గులాబీ మూతి మాత్రం కాదు. పైగా లూదియమ్మ తనను ఏనాడూ మేడమ్ అనలేదు. సరస్వతమ్మకు ఉన్నట్టుండి విషయమంతా అర్థమైపోయింది. తండ్రి పోతే కొడుక్కి, తల్లి పోతే కూతురికి అదే ఉద్యోగం ఇవ్వడం ఆమె ఎరగనిది కాదు.

"అయ్యో తల్లీ," అంటూ పరుపు మీద కూలబడింది. "మీ యమ్మ ఎప్పుడు పోయిందే? ఒక్క కబురన్నా చెయ్యకపోతిరే."

"నేనే మేడమ్..."

"నువ్వేలే తల్లీ. ఇంగ ఇంటికి అన్నీ నువ్వే. గట్టిగుండాల."

కూతుళ్లు ముగ్గురూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు. చివరి అమ్మాయి సుకన్య ముందుగా తేరుకుంది. "చావు కబురు ఇన్నాక పెండ్లి గుడ్డలు ఎట్ల కొంటాం మా? లెయ్యండి, ఇంగో దినం ఇంగో అంగట్లో చూస్తాం."

జీపు జనమంతా లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. మేనేజర్ గారి ముఖం పాలసీలో లేని రంగుకు తిరిగింది. ఈ పార్టీ గడప దాటితే గోడౌన్ మెట్లు ఎక్కాల్సింది ఎవరో లూదియమ్మకు తెలుసు.

ఆమె సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుంది. కొంగుతో మూతి తుడుచుకుంది. వెళ్లి సరస్వతమ్మ పక్కన, మోకాలికి మోకాలు తగిలేలా పరుపు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, సుకన్య పెండ్లికి మీ చిన్నాడబిడ్డ చీర ఇసిరికొడితే, మర్నాడే జీపేసుకోనొచ్చి మార్చుకోని పోతివే. ఆ చీర ఎవురు ఎతికిచ్చిరి?"

సరస్వతమ్మ ఏడుపు ఆగింది. "వంకాయ రంగుదా?"

"వంకాయ రంగుది ఆమె ఇసిరికొట్టింది. నేనిచ్చింది చిలకపచ్చ."

సరస్వతమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం ఇటూ అటూ తిప్పి చూసింది. "ఓసినీ, నువ్వేనే! బతికుండి ఈ యేషమేందే? మేడమంటాండావ్, నోట్లో ఏమన్నా పడిందా?"

"ఈడ బతకాలంటే ఇట్లనే ఉండాలంట పెద్దమ్మా."

పరుపు చుట్టూ ఉన్న జనమంతా మేనేజర్ గారి వైపు తిరిగారు. ఆయన సీలింగ్ ఫ్యాన్‌ను పరిశీలించడం మొదలుపెట్టారు.

పోయిందనుకున్న మనిషి ఎదురొస్తే అంతకంటే మంచి శకునం లేదని సరస్వతమ్మ తేల్చేసింది. మధ్యాహ్నం దాకా ముప్పై ఏడు చీరలు తెగాయి. ఒక్క అలక లేదు.

ఇందులో పాలసీ గొప్పతనం ఏముందని మీరు అడగొచ్చు. ఎంత మాట! డబ్బు పుచ్చుకునే బ్యూటీ పార్లర్లు మహా అయితే మనిషిని పదేళ్లు వెనక్కి తీసుకెళ్తాయి. ఈ పాలసీ పాతికేళ్లు వెనక్కి తీసుకెళ్లి, అక్కడి నుంచి నేరుగా పైకి పంపించింది!

సాయంత్రం అజయ్ కుమార్ గారు లూదియమ్మను క్యాబిన్‌కు పిలిచారు. గోడౌన్ మాట ఎత్తలేదు.

"నీ కౌంటర్ నీకే ఉంటుందమ్మా. రూల్ కొంచెం సడలిస్తున్నాం. పెళ్లిళ్ల సెక్షన్ కదా, తెల్లజుట్టు ఉంటే కస్టమర్‌కు నమ్మకం. అలాగని మొత్తం వద్దు. ముందు భాగంలో, ఎడమ పక్కన, ఒక అయిదారు వెంట్రుకలు. డీసెంట్‌గా."

లూదియమ్మ టేబుల్ మీది ప్యాడ్ చూపించింది.

"ఏ ఎంటికలు తెల్లగుండాల్నో రాసియ్యండి సార్. నెత్తికి చెప్తా."

ఎగతాళిని పసిగట్టడం ట్రైనింగ్‌లో నేర్పలేదేమో, అజయ్ కుమార్ గారు నిజంగానే ప్యాడ్ ముందుకు లాక్కున్నారు. 'లూదియా, పెళ్లి కౌంటర్, ఎడమ వైపు ఆరు' అని రాశారు. కింద సంతకం పెట్టారు, స్టాంపు వేశారు. ఆ నెత్తి లోపల ఎన్ని ఊళ్ల ఆడబిడ్డల ఇష్టాలు, ఎన్ని ఇళ్ల అలకలు భద్రంగా ఉన్నాయో అడగడానికి మాత్రం ఆ కాగితంలో గడి లేదు.

రాస్తున్నంతసేపూ ఆయన తల వంచుకునే ఉన్నారు. ట్యూబ్‌లైటు కింద ఆ బట్టతల నున్నగా, తళతళలాడుతూ మెరిసింది. దాని మీద ఏముండాలో ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు.